బయటి నుంచి వచ్చిన ట్రాన్సాక్షన్‌ను జావా సర్వర్ ఎలా అందుకోవాలి

ఎనుమాముల యార్డులో మిర్చి ఎలా అమ్ముడుపోతుందో వరంగల్ చుట్టుపక్కల వాళ్లకు చెప్పనక్కర్లేదు. జెండా పాట అనే వేలం, కాంటా, ఆ తర్వాత తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క రాసిన చీటీ. ఈ వ్యవహారాన్ని రెండు జావా సర్వర్ల మీద నడుపుతున్నామని అనుకుందాం. ఒకటి తక్‌పట్టీ రాసేది. రెండోది చెల్లింపులది: ఖరీదుదారు ఖాతాలో తగ్గించి, రైతు ఖాతాలో వేసి, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాళ్లు) పైసలు పక్కకు తీస్తుంది. దేని డేటాబేస్ దానిదే. తక్‌పట్టీ పడి పైసలు పడకపోతే రైతు లొల్లి. పైసలు పోయి తక్‌పట్టీ లేకపోతే ఖరీదుదారు లొల్లి. కాబట్టి రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి, అంటే జరిగితే రెండూ, లేకపోతే ఏదీ కాదు.

ట్రాన్సాక్షన్ మొదలుపెట్టేది తక్‌పట్టీ సర్వర్. దాన్ని ఇక్కడ పై సర్వర్ అందాం. చెల్లింపుల సర్వర్ కింది సర్వర్. దానికి ట్రాన్సాక్షన్ కాల్‌తో పాటు వస్తుంది. కింది సర్వర్ ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం. వచ్చిన ట్రాన్సాక్షన్ మీది కాదు. అందులో పని చేయొచ్చు, నా వల్ల కాదని తప్పుకోవచ్చు. పని ముగిశాక పై సర్వర్ "సిద్ధమా?" అని అడుగుతుంది, అది ప్రిపేర్. ఆ తర్వాత ఖాయం చేయమని కమిట్ గానీ, వెనక్కి తిప్పమని రోల్‌బ్యాక్ గానీ పంపుతుంది. కానీ ఒకసారి "సిద్ధం" అన్నాక తీర్పు పై సర్వర్‌దే. ఈ సంగతి మరిచిపోయి కింది సర్వర్ తానే పెద్ద అనుకున్నప్పుడే ఖాతాలు తేడా కొడతాయి.

కాల్‌తో ఏమేం రావాలి

మొదట ఎక్స్‌ఐడీ, అంటే ట్రాన్సాక్షన్ గుర్తింపు. దీంట్లో మూడు ముక్కలుంటాయి: ఫార్మాట్ ఐడీ అనే పూర్ణాంకం, గ్లోబల్ ట్రాన్సాక్షన్ ఐడీ, అందులో ఒక్కో భాగాన్ని (బ్రాంచ్) గుర్తించే బ్రాంచ్ క్వాలిఫయర్. చివరి రెండూ బైట్ల వరసలు, ఒక్కోటి 64 బైట్లు దాటకూడదు. ఫార్మాట్ ఐడీ -1 ఉంటే అది ఖాళీ ఎక్స్‌ఐడీ, అంటే ట్రాన్సాక్షనే లేదని అర్థం.

దాని వెంట మిగిలిన గడువు రావాలి. పై సర్వర్‌లో గడువు 60 సెకన్లు, అప్పటికే 22 అయిపోయాయంటే 38 అని పంపాలి. "ఫలానా టైముకు ముగుస్తుంది" అని గడియారం సమయం పంపితే, రెండు మెషిన్ల గడియారాల్లో ఉన్న తేడా అంతా గడువులోకి వచ్చి చేరుతుంది.

పంపిన సర్వర్ ఎవరో కూడా తెలియాలి. మామూలు రోజుల్లో దీంతో పని పడదు. క్రాష్ తర్వాత "ఈ వేలాడుతున్నది ఎవరిది?" అని వెతికేటప్పుడు పడుతుంది.

ఇవి వచ్చే దారిని బట్టి మీ పని మారుతుంది. వైల్డ్‌ఫ్లై అనే జావా అప్లికేషన్ సర్వర్ నుంచి మరో వైల్డ్‌ఫ్లైకి రిమోట్ ఈజేబీ కాల్ (సర్వర్ నడిపే బీన్ అనే జావా క్లాసును దూరం నుంచి పిలవడం) అయితే సర్వరే మోసుకొస్తుంది, మీరు కోడ్ రాయనక్కర్లేదు. కోర్బా వాడే ఐఐఓపీ ప్రోటోకాల్ మీద కావాలంటే ట్రాన్సాక్షన్స్ సబ్‌సిస్టమ్‌లో జేటీఎస్‌ను ట్రూ చేయాలి, ఐఐఓపీ-ఓపెన్‌జేడీకే సబ్‌సిస్టమ్‌లో ట్రాన్సాక్షన్స్ విలువను ఫుల్ చేయాలి. ఒకటి చేసి రెండోది మరిచిపోవడం మామూలే. సోప్ సర్వీసులకు డబ్ల్యూఎస్-అటామిక్ ట్రాన్సాక్షన్ ఉంది, కాంటెక్స్ట్ హెడర్‌లో వస్తుంది. మామూలు రెస్ట్ కాల్‌తో మాత్రం దానంతట అది ఏమీ రాదు. అక్కడ ఎక్స్‌ఐడీని సొంతంగా ఒక హెచ్‌టీటీపీ హెడర్‌లో పెట్టి పంపుదామని చాలామందికి తోస్తుంది. వద్దు. ఎక్స్‌ఐడీ పంపడం తేలికే. వెనక రావాల్సిన ప్రిపేర్, కమిట్, రికవర్ సందేశాలన్నీ మీరే రాసుకోవాల్సి వస్తుంది. రెస్ట్ తప్పనిసరైతే మైక్రోప్రొఫైల్ ఎల్ఆర్ఏ చూడండి. అయితే అది తాళాలు పట్టుకుని కూర్చునే పద్ధతి కాదు, జరిగిపోయిన పనిని విరుగుడు పనితో సరిచేసే పద్ధతి. రెంటినీ ఒకటే అనుకుంటే మోసపోతారు.

సొంత ప్రోటోకాల్ ఉన్నవాళ్లకు రిసోర్స్ అడాప్టర్ (బయటి వ్యవస్థను సర్వర్‌కు కలిపే ముక్క) దారి ఉంది. లోపల ఏం జరుగుతుందో ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చూద్దాం.

దిగుమతి

బయటి ట్రాన్సాక్షన్‌ను లోపలికి తీసుకోవడానికి జేటీఏలో (జావా ట్రాన్సాక్షన్ ఏపీఐ) పద్ధతి ఏదీ లేదు. అది జావా కనెక్టర్ స్పెసిఫికేషన్‌లో, 1.5 నుంచి ఉంది. అడాప్టర్ స్టార్ట్ అయినప్పుడు వచ్చే బూట్‌స్ట్రాప్ కాంటెక్స్ట్ నుంచి రెండు వస్తువులు తీసి దాచుకోండి: వర్క్ మేనేజర్, ఎక్స్‌ఏ టెర్మినేటర్. పని చేయించడానికి మొదటిది, తీర్పు అమలు చేయడానికి రెండోది.

కాల్ రాగానే వైర్ మీద వచ్చిన బైట్లతో ఎక్స్‌ఐడీ కట్టండి. ఒక ట్రాన్సాక్షన్ కాంటెక్స్ట్ సృష్టించి, సెట్‌ఎక్స్‌ఐడీ, సెట్‌ట్రాన్సాక్షన్‌టైమౌట్ పిలవండి. టైమౌట్ సెకన్లలో ఇవ్వాలి. సున్నా గానీ అంతకంటే తక్కువ గానీ ఇస్తే నాట్ సపోర్టెడ్ ఎక్సెప్షన్ వస్తుంది. పై సర్వర్ మిగిలిన గడువు 0 అని పంపితే ఇక్కడే పట్టుబడుతుంది, అది మంచిదే. ఆ కాంటెక్స్ట్‌ను వర్క్ కాంటెక్స్ట్ ప్రొవైడర్ ద్వారా మీ వర్క్‌కు తగిలించి, వర్క్ మేనేజర్‌కు ఇవ్వండి. ఈ పద్ధతి కనెక్టర్ 1.6 నుంచి ఉంది. పాత 1.5 అడాప్టర్లలో ఎగ్జిక్యూషన్ కాంటెక్స్ట్ కనిపిస్తుంది, పని అదే.

వర్క్ మేనేజర్‌లో మూడు పద్ధతులున్నాయి. డూవర్క్ పని పూర్తయ్యేదాకా ఆగుతుంది. స్టార్ట్‌వర్క్ పని మొదలయ్యేదాకా ఆగుతుంది. షెడ్యూల్‌వర్క్ అసలు ఆగదు. బయటి ట్రాన్సాక్షన్‌కు డూవర్క్ వాడండి. షెడ్యూల్‌వర్క్‌తో వేగం వస్తుందని ఆశపడితే, రైతు ఖాతాలో పైసలు ఇంకా పడకముందే "అందింది" అని జవాబు వెళ్తుంది, పై సర్వర్ వెంటనే ప్రిపేర్ పంపుతుంది, సగం పనికే మీరు "సిద్ధం" అంటారు.

ఒకే ఎక్స్‌ఐడీతో ఒకేసారి రెండు వర్క్‌లు నడవడానికి స్పెసిఫికేషన్ ఒప్పుకోదు. రెండోదానికి వర్క్ కంప్లీటెడ్ ఎక్సెప్షన్ వస్తుంది, ఎర్రర్ కోడ్ "2". పై సర్వర్ రెండు థ్రెడ్ల నుంచి ఒకే ట్రాన్సాక్షన్‌లో పిలుస్తుంటే ఇది రోజూ కనిపిస్తుంది. మళ్లీ ప్రయత్నించే లూప్ పెట్టి దాటేయకండి, పై సర్వర్‌లో వరసగా పిలిచేలా సరిచేయించండి. కోడ్ "3" వస్తే దిగుమతే విఫలమైందని.

ఏ ఎక్స్‌ఐడీకి ఏ లోకల్ ట్రాన్సాక్షన్ అన్న పట్టిక మీరే రాయాల్సి వస్తే ఒక సన్న చిక్కుంది. ఎక్స్‌ఐడీలోని బైట్ అర్రేను నేరుగా హ్యాష్‌మ్యాప్‌కు కీగా పెడతారు. జావాలో అర్రేల ఈక్వల్స్ లోపలి బైట్లను చూడదు, అదే వస్తువా కాదా అని మాత్రమే చూస్తుంది. మొదటి కాల్‌లో వచ్చిన బైట్లు, రెండో కాల్‌లో వచ్చిన బైట్లు అక్షరం తేడా లేకుండా ఒకటే అయినా, ఎంట్రీ దొరకదు. దొరకలేదు కాబట్టి కోడ్ కొత్త లోకల్ ట్రాన్సాక్షన్ తెరుస్తుంది. ఖరీదుదారు ఖాతాలో తగ్గించిన కాల్ ఒక దాంట్లో, రైతు ఖాతాలో వేసిన కాల్ మరో దాంట్లో పడతాయి. ప్రిపేర్ వచ్చినప్పుడు ఏది దొరికితే దాన్నే సిద్ధం చేస్తుంది, రెండోది గడువు ముగిసి రోల్‌బ్యాక్ అవుతుంది. ఒక్క కాల్‌తో చేసే టెస్టులో ఇదేదీ బయటపడదు. బైట్లను కాపీ చేసి, అర్రేస్.ఈక్వల్స్, అర్రేస్.హ్యాష్‌కోడ్ వాడే చిన్న కీ క్లాస్ రాసుకోండి. కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్‌లో కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్‌తో ఎక్కించండి, "ఉందా? లేకపోతే పెట్టు" అని రెండడుగుల్లో రాస్తే రెండు థ్రెడ్లు మధ్యలో దూరతాయి.

వైల్డ్‌ఫ్లై లోపల ట్రాన్సాక్షన్లు నడిపే నారాయణ లైబ్రరీని నేరుగా వాడేవాళ్లకు సబార్డినేషన్ మేనేజర్ ఇచ్చే ట్రాన్సాక్షన్ ఇంపోర్టర్‌లో ఇంపోర్ట్‌ట్రాన్సాక్షన్ ఉంది, ఎక్స్‌ఐడీ, టైమౌట్ ఇస్తే చాలు. అది ఇంటర్నల్ ప్యాకేజీలో ఉంటుంది కాబట్టి వెర్షన్ మారినప్పుడు చూసుకోండి. దాని క్లాసుల పేర్లు చాలావరకు కామ్ డాట్ అర్జునతో మొదలవుతాయి. నారాయణుడి ఇంట్లో అర్జునుడు ఏంటని కొత్తవాళ్లు తికమకపడతారు. ప్రాజెక్టు పాత పేరు అర్జున, అంతే. లాగ్ వెతకాల్సింది కూడా ఆ పేరు మీదే.

బీన్ తలుపు దగ్గర

సర్వర్ కాంటెక్స్ట్‌ను తెచ్చి థ్రెడ్‌కు తగిలించాక, దాన్ని ఉంచాలా వదిలేయాలా అన్నది బీన్ మీద ఉన్న ట్రాన్సాక్షన్ ఆట్రిబ్యూట్ తేలుస్తుంది. డిఫాల్ట్ రిక్వైర్డ్. బయటి ట్రాన్సాక్షన్‌తోనే నడవాల్సిన పద్ధతులకు అది సరిపోదు, మ్యాండేటరీ పెట్టండి. రిక్వైర్డ్ ఉన్నప్పుడు దారిలో కాంటెక్స్ట్ ఎక్కడన్నా జారిపోతే, కంటైనర్ చప్పుడు చేయకుండా కొత్తది మొదలుపెట్టి, పద్ధతి ముగియగానే కమిట్ చేసేస్తుంది. అన్నీ బాగున్నట్టే ఉంటుంది, పై సర్వర్ రోల్‌బ్యాక్ చేసిన రోజున గానీ తెలియదు. మ్యాండేటరీ అయితే మొదటి కాల్‌లోనే ఎక్సెప్షన్ విసిరి నిలబెడుతుంది.

రిక్వైర్స్ న్యూ, నాట్ సపోర్టెడ్ రెండూ వచ్చిన ట్రాన్సాక్షన్‌ను పక్కన పెట్టేస్తాయి. బీన్ మేనేజ్డ్ ట్రాన్సాక్షన్ పెట్టిన బీన్ కూడా అంతే. ఎసింక్రనస్ పద్ధతికి పిలిచినవాడి ట్రాన్సాక్షన్ అసలు చేరదు. ఆడిట్ రాతకు రిక్వైర్స్ న్యూ వాడటం సరే, కానీ అదే ఖాతా వరసను బయటి ట్రాన్సాక్షన్ ముందే తాళం వేసి ఉంటే మీ కొత్త ట్రాన్సాక్షన్ దానికోసం ఎదురుచూస్తుంది, బయటిది మీకోసం ఎదురుచూస్తుంది. డేటాబేస్‌కు ఈ ముడి కనపడదు, అటువైపు ఎదురుచూపు జావా థ్రెడ్‌లో ఉంది కదా.

కోడ్ లోపల కమిట్ గానీ రోల్‌బ్యాక్ గానీ పిలవకండి. పని కుదరకపోతే సెట్‌రోల్‌బ్యాక్‌ఓన్లీ చాలు. థ్రెడ్లను మీరే నడుపుతుంటే ఫైనల్లీ బ్లాకులో సస్పెండ్ పిలిచి ట్రాన్సాక్షన్‌ను థ్రెడ్ నుంచి విడదీయండి. విడదీయకుండా పూల్‌కు తిరిగి పంపితే, తర్వాత ఎవరి రిక్వెస్ట్ ఆ థ్రెడ్ మీద పడ్డా ముందువాడి తక్‌పట్టీలో పని చేస్తుంది.

డేటాబేస్‌ను కలపడం

డేటాసోర్స్ ఎక్స్‌ఏ రకానిదే, అంటే రెండు దశల కమిట్ తెలిసినదే ఉండాలి. మామూలు డేటాసోర్స్‌కు ప్రిపేర్ చేతకాదు. దానికి తెలిసింది నేరుగా కమిట్, లేదంటే రోల్‌బ్యాక్. చివరి రిసోర్స్‌గా (ట్రాన్సాక్షన్‌లో పాల్గొనే డేటాబేస్ లాంటిది) మామూలుది పెట్టుకునే కిటుకు పై సర్వర్‌లో నడుస్తుందేమో గానీ, కింది సర్వర్‌లో పెడితే పై సర్వర్ తీర్పు రాకముందే కమిట్ అయిపోతుంది.

డేటాబేస్‌కు ఇచ్చే ఎక్స్‌ఐడీలో గ్లోబల్ ఐడీని అలాగే ఉంచి, బ్రాంచ్ క్వాలిఫయర్ మాత్రం ప్రతి రిసోర్స్‌కూ కొత్తది కట్టాలి, అందులో మీ సర్వర్ గుర్తు ఉండాలి. వచ్చిన ఎక్స్‌ఐడీనే అటు పంపితే, పై సర్వర్ కూడా అదే డేటాబేస్‌ను వాడుతున్న రోజున -8 వస్తుంది, అంటే ఆ ఐడీ అప్పటికే ఉందని.

వైల్డ్‌ఫ్లైలో ఆ గుర్తు నోడ్-ఐడెంటిఫైయర్ నుంచి వస్తుంది. డిఫాల్ట్ విలువ "1". అన్ని సర్వర్లలో మార్చాల్సిన మొదటి సెట్టింగ్ ఇదే, మార్చకుండా నడుస్తున్నవే ఎక్కువ కనిపిస్తాయి. రెండు సర్వర్లకు ఒకే గుర్తుండి, రెండూ ఒకే డేటాబేస్‌ను చూస్తుంటే, ఒకదాని రికవరీ రెండోదాని ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్‌ను తనదే అనుకుంటుంది. తన లాగ్‌లో దాని ఆనవాలు ఉండదు కాబట్టి రోల్‌బ్యాక్ చేస్తుంది. విలువ 23 బైట్లు దాటకూడదు. బైట్లు అన్నది గమనించండి, తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో ఒక్కోటి కనీసం 3 బైట్లు. డబ్ల్యూజీఎల్-పే-01 లాంటిది ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి.

పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్స్_ప్రిపేర్డ్_ట్రాన్సాక్షన్స్ డిఫాల్ట్ 0. అంటే ప్రిపేర్ మూసి ఉంది, మొదటి ప్రిపేర్‌కే ఎర్రర్. కనీసం మ్యాక్స్_కనెక్షన్స్ అంత పెట్టండి, పోస్ట్‌గ్రెస్ రీస్టార్ట్ కావాలి. మైఎస్‌క్యూఎల్ 8లో రికవరీ చేసే యూజర్‌కు ఎక్స్‌ఏ_రికవర్_అడ్మిన్ హక్కు ఇవ్వాలి. ఒరాకిల్‌లో డీబీఏ_పెండింగ్_ట్రాన్సాక్షన్స్, పెండింగ్_ట్రాన్స్$, డీబీఏ_2పీసీ_పెండింగ్ చదివే హక్కు, డీబీఎంఎస్_ఎక్స్‌ఏ నడిపే హక్కు కావాలి. ఇవి లేకపోయినా రోజువారీ పని ఆగదు, అందుకే మరిచిపోతారు.

"సిద్ధం" అనే ముందు

ప్రిపేర్ వచ్చినప్పుడు మొదట బిఫోర్ కంప్లీషన్ సింక్రనైజేషన్లు, అంటే ముగింపుకు ముందు పిలవమని నమోదు చేసుకున్న పద్ధతులు, నడవాలి. జేపీఏ (జావా వస్తువులను డేటాబేస్‌కు కలిపే పొర) అప్పటిదాకా మెమొరీలో పట్టుకున్న మార్పులు డేటాబేస్‌కు చేరేది అప్పుడే. తర్వాత ప్రతి రిసోర్స్‌కు ఎండ్, ప్రిపేర్. ఎవరన్నా చదవడం మాత్రమే చేశామంటే 3 తిరిగొస్తుంది, రెండో దశలో వాళ్లను పిలవనక్కర్లేదు. అందరూ అదే అంటే మీరు కూడా పై సర్వర్‌కు 3 ఇచ్చి పట్టికలోంచి తీసేయొచ్చు.

లేకపోతే ఇప్పుడు లాగ్ రాయాలి. పై ఎక్స్‌ఐడీ, పై సర్వర్ పేరు, మీ బ్రాంచ్‌ల ఎక్స్‌ఐడీలు, వాటి రిసోర్సుల పేర్లు రాసి డిస్క్‌కు ఎఫ్‌సింక్ చేసి (నిజంగా డిస్క్ మీదకు చేరేదాకా ఆగి), ఆ తర్వాతే 0 తిరిగివ్వాలి. తలకిందులు చేస్తే ఏమవుతుందో చూడండి. 20 క్వింటాళ్ల తేజ మిర్చి, క్వింటాలు 15,000 లెక్కన 3,00,000 రూపాయలు. మీరు "సిద్ధం" అన్నారు, లాగ్ రాయకముందే కరెంటు పోయింది. పై సర్వర్ అందరి జవాబూ అందిందని తక్‌పట్టీ కమిట్ చేసింది. మీరు లేచాక అది కమిట్ పంపితే మీకు ఆ ఎక్స్‌ఐడీయే తెలియదు, -4 ఇస్తారు. డేటాబేస్‌లో మాత్రం 3,00,000 ప్రిపేర్డ్‌గా వేలాడుతుంది, తీర్పు చెప్పేవాడు లేడు. లాగ్ రాయడం విఫలమైతే అన్నీ రోల్‌బ్యాక్ చేసి, 100 కోడ్‌తో ఎక్స్‌ఏ ఎక్సెప్షన్ విసరండి. అప్పటిదాకా మీకు ఆ హక్కుంది.

పై సర్వర్‌కు మీరొక్కరే రిసోర్స్ అయితే ప్రిపేర్ రాకుండా వన్‌ఫేజ్ ట్రూతో నేరుగా కమిట్ వస్తుంది. అప్పుడు మాత్రమే తీర్పు మీ చేతికి వస్తుంది. మీ కింద రెండు డేటాబేసులుంటే మీరే రెండు దశలూ నడపాలి.

గడువు

వైల్డ్‌ఫ్లై డిఫాల్ట్ 300 సెకన్లు. యార్డుకు సరుకు పోటెత్తే మార్చి రోజున ఒక ఖాతా వరస 300 సెకన్లు తాళంలో ఉంటే మిగతా అమ్మకాలన్నీ లైన్లో నిలబడతాయి. గడువులను లోపలి నుంచి బయటికి పెంచుతూ పోండి: డేటాబేస్ తాళం కోసం ఆగేది అన్నిటికంటే తక్కువ, తర్వాత కింది సర్వర్, తర్వాత పై సర్వర్. 10, 30, 60 మంచి మొదలు. పోస్ట్‌గ్రెస్‌లో లాక్_టైమౌట్ డిఫాల్ట్ 0, అంటే ఎంతసేపైనా ఆగుతుంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో 50 సెకన్లు. రెండు డేటాబేసుల మధ్య పడ్డ డెడ్‌లాక్‌ను ఏ డేటాబేసూ పసిగట్టలేదు, దాన్ని విడదీసేది గడువు ఒక్కటే.

గడువు వరస తప్పితే పై సర్వర్ రోల్‌బ్యాక్ పంపే సమయానికి మీ థ్రెడ్ ఇంకా పనిలోనే ఉంటుంది. అప్పుడు వేరే థ్రెడ్ నుంచి కనెక్షన్‌ను లాగేయకండి. రోల్‌బ్యాక్ ఓన్లీ అని గుర్తు పెట్టి, నడుస్తున్న పని ముగిసేదాకా ఆగి, అప్పుడు వెనక్కి తిప్పండి.

ప్రిపేర్ అయ్యాక మీ గడువుకు విలువ లేదు. గడువు చూసే థ్రెడ్ ప్రతిదాని స్థితి చూసి, ప్రిపేర్డ్ అయితే ముట్టకుండా వదలాలి. ముట్టుకుంటే అది సొంత తీర్పు: పై సర్వర్ కమిట్ అన్నప్పుడు మీరు 6 చెప్పుకోవాలి, అంటే నేను ముందే వెనక్కి తిప్పేశానని. పై సర్వర్ ఇక మరిచిపొమ్మనే ఫర్‌గెట్ పంపేదాకా ఆ సంగతి లాగ్‌లో ఉంచాలి.

క్రాష్ తర్వాత

కింది సర్వర్ లేచాక లాగ్ చదివి, ప్రిపేర్డ్‌గా ఉన్నవాటిని పట్టికలో మళ్లీ ఎక్కించి, పై సర్వర్ రికవర్ అడిగితే ఆ జాబితా ఇవ్వాలి. పై సర్వర్ తన లాగ్‌తో పోల్చుకుని, ఉన్నదానికి కమిట్, లేనిదానికి రోల్‌బ్యాక్ పంపుతుంది. లేకపోతే రోల్‌బ్యాక్ అన్న ఊహ పై సర్వర్‌కే చెల్లుతుంది, మీకు కాదు. నారాయణ రికవరీ 120 సెకన్లకోసారి నడుస్తుంది, కాబట్టి లేచిన వెంటనే సర్దుకోలేదని చేత్తో కెలకకండి.

వైల్డ్‌ఫ్లై లాగ్ స్టాండలోన్ కింద డేటా, దాని కింద టీఎక్స్-ఆబ్జెక్ట్-స్టోర్‌లో ఉంటుంది. కంటైనర్లలో నడిపేవాళ్లు దీన్ని శాశ్వత వాల్యూమ్ మీద పెట్టాలి, నోడ్ పేరు రీస్టార్ట్ తర్వాత మారకూడదు. కుబర్నెటీస్‌లో స్టేట్‌ఫుల్‌సెట్ ఎంచుకోండి. మామూలు డిప్లాయ్‌మెంట్‌లో పాడ్ పోతే లాగ్, పేరు రెండూ పోతాయి.

కాంటెక్స్ట్ తెచ్చే పోర్టును గుర్తింపు లేనివాళ్లకు తెరిచి ఉంచకండి. ఎక్స్‌ఐడీ ఊహించగలిగినవాడు కమిట్ కూడా పంపగలడు.

వేలాడుతున్నవి చేత్తో తేల్చాల్సి వస్తే

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_ప్రిపేర్డ్_ఎక్స్‌యాక్ట్స్ చూడండి. అందులో జిడ్ అనే కాలమ్ విలువ 131077_ తో మొదలైతే నారాయణ వేసిందని. ఆ తర్వాతి రెండు ముక్కలు గ్లోబల్ ఐడీ, బ్రాంచ్ క్వాలిఫయర్, బేస్64లో ఉంటాయి. ప్రిపేర్డ్ కాలమ్‌లో సమయం ఉంటుంది. ఇది వేలాడినంతసేపు తాళాలు వదలవు, వాక్యూమ్ పాత వరసలను తీయలేదు. మైఎస్‌క్యూఎల్‌లో ఎక్స్‌ఏ రికవర్ ఇదే జాబితా ఇస్తుంది. గ్లోబల్ ఐడీని పై సర్వర్ లాగ్‌లో, తక్‌పట్టీ పట్టికలో వెతకండి. అక్కడ కమిట్ అయి ఉంటేనే కమిట్ ప్రిపేర్డ్. అక్కడ లేదని, ఆ సర్వర్ రికవరీ ఒకసారి పూర్తిగా నడిచిందని తేలాకే రోల్‌బ్యాక్ ప్రిపేర్డ్. ఇంకా లేవని పై సర్వర్ లాగ్‌ను చూడకుండా రోల్‌బ్యాక్ కొట్టడం, పంచాయితీ కాకముందే తీర్పు రాసినట్టు.

టెస్టు

మామూలు టెస్టులతో ఇవేవీ బయటపడవు. కింది సర్వర్‌ను మూడు చోట్ల కిల్ -9తో చంపి చూడండి: పని ముగిసి ప్రిపేర్ రాకముందు, లాగ్ రాసి జవాబు పంపకముందు, కమిట్ అందుకుని డేటాబేస్‌కు చెప్పకముందు. సరిగ్గా ఆ చోట ఆపడానికి బైట్‌మ్యాన్ అనే టూల్ పనికొస్తుంది. మొదటి రెంటిలో చివరికి రెండు డేటాబేసులూ వెనక్కి తిరగాలి, మూడోదాంట్లో రెండూ కమిట్ కావాలి. ప్రతిసారీ సర్వర్‌ను లేపి, 120 సెకన్ల రికవరీ రెండుసార్లు తిరిగేదాకా ఆగి, పీజీ_ప్రిపేర్డ్_ఎక్స్‌యాక్ట్స్ ఖాళీగా ఉందో లేదో చూడండి. తర్వాత అదే మూడు చోట్ల కింది సర్వర్‌ను కాకుండా పై సర్వర్‌ను చంపి చూడండి. రెండో చోట కింది సర్వర్ అప్పటికే "సిద్ధం" అని కూర్చుని ఉంటుంది కాబట్టి, పై సర్వర్ లేచేదాకా ఆ వరస పీజీ_ప్రిపేర్డ్_ఎక్స్‌యాక్ట్స్‌లో కనిపిస్తూనే ఉండాలి; ముందే మాయమైతే మీ గడువు థ్రెడ్ దాన్ని ముట్టుకుందని.